గడ్డాల పెద్దలకు ఎదురుమాట

ఆ చుట్టల కార్ఖానాలో యజమాని మాట చెల్లని విషయం ఒక్కటే ఉండేది, హాల్లో ఏ పుస్తకం చదవాలన్నది. మిగతాదంతా ఆయన ఇష్టారాజ్యమే. తలుపు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు ముయ్యాలో, ఎవరి చుట్ట వదులుగా ఉందని పక్కన పారెయ్యాలో అంతా ఆయన చిత్తం. పుస్తకం మాత్రం చుట్టేవాళ్ళది. ఆ పనిలో చేతులకు క్షణం తీరిక ఉండదు గానీ చెవులు రోజంతా ఖాళీయే. అందుకని వాళ్ళు తమలో ఒకామెను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె వంతు చుట్టలు తలా కాసిని తామే చుట్టి, పొద్దున్నించి సాయంత్రం దాకా చదివించుకునేవాళ్ళు. ఆమెను అందరూ చదువరి అని పిలిచేవాళ్ళు.

చదువరి పని వినడానికి తేలిక, చెయ్యడానికి కాదు. ఆకు కోసే కత్తి పిడితో అందరూ బల్ల తడితే, ఆ చప్పుడు దేనికి ఎక్కువైతే ఆ పుస్తకమే చదవాలి. చదివేటప్పుడు ఒక్క ముక్క మింగకూడదు. బూతు వచ్చినా, ఏడుపు వచ్చినా, పరమ విసుగు పుట్టినా ఉన్నది ఉన్నట్టు చదవాల్సిందే. వినేవాళ్ళకూ ఒక హక్కు ఉండేది. నచ్చని మాట వస్తే కత్తి కింద పెట్టి, లేచి నిలబడి, రాసినవాడు ఎదురుగా ఉన్నట్టే వాడితో తగవు పెట్టుకోవచ్చు. దీన్ని ఎదురుమాట అనేవాళ్ళు. ఒకసారి ఏదో నవల్లో ఒక మొగుడు పెళ్ళాన్ని వదిలేసి ఓడ ఎక్కబోతుంటే, ఈనెలు తీసే ముసలమ్మ లేచి వాడి ఏడు తరాలనూ తిట్టిపోసింది. ఆమె తిట్లు పూర్తయ్యేదాకా చదువరి ఓడను కదలనివ్వలేదు.

ఆ ఏడాది కత్తులు పాతకాలపు సోషలిస్టుల పుస్తకానికి మోగాయి. అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం. ఎవరెవరో ఎప్పుడెప్పుడో అన్న మాటలన్నీ ఒకచోట చేర్చి కుట్టారు. మొదట్లో వాళ్ళ బొమ్మలున్నాయి, ఒక్కొక్కరికీ గుండెల మీద దాకా గడ్డం. ఇంకేముంది, హాలు వాళ్ళకు గడ్డాల పెద్దలని పేరు పెట్టేసింది. పొద్దున్నే ఆకు తడుపుతూ, "ఇవాళ గడ్డాల పెద్దలు ఏం సెలవిస్తారో" అనుకోవడం అలవాటైపోయింది.

గడ్డాల పెద్దలు దేశం గురించి చాలానే సెలవిచ్చారు. దేశం దేశం అని గొంతు చించుకునే షావుకార్లు తమ సరుకు అమ్ముకునేటప్పుడు సరిహద్దును చూడనే చూడరనీ, దాన్ని కాపలా కాసే పని మాత్రం కూలివాడికి అంటగడతారనీ ఒక పెద్ద అన్నాడు. రైళ్ళూ ఓడలూ సరుకులూ తిరిగి తిరిగి ఆ సరిహద్దు గీతల్ని వాటంతటవే చెరిపేస్తాయని ఇంకొకాయన ఆశపడ్డాడు. ఒక జాతి మెడ మీద కాలు వేసిన దేశంలో కూలివాడు కూడా ఆ కాలు తియ్యనిదే అడుగు ముందుకు వెయ్యలేడని మరొకాయన గట్టిగానే చెప్పాడు. ఈ మాట చదివిన రోజు కత్తులు ఎంత గట్టిగా మోగాయంటే యజమాని తన గదిలోంచి లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆయన కంగారుకు కారణం లేకపోలేదు. ఊరి పక్కన ఏరు, ఏటవతల ఒక చిన్న జాతి. వాళ్ళ నేలను తమలో కలుపుకోవాలని ఈ ప్రభుత్వం సైన్యాన్ని ఏటి గట్టుకు తోలింది. ఊళ్ళో ఎక్కడ చూసినా జెండాలే. నిన్నటిదాకా ఏటవతలి పొగాకు కొని లాభపడ్డవాళ్ళు ఇవాళ ఏటవతలి గాలి తగిలితే స్నానం చెయ్యాలన్నట్టు మాట్లాడుతున్నారు.

కార్ఖానాలో ఏటవతల పుట్టిన మనిషి ఒక్కతే ఉంది. అందరూ అక్కా అనే పిలుస్తారు. ఏరు దాటి పెళ్ళి చేసుకుని వచ్చింది, మొగుడు పోయినా ఇక్కడే ఉండిపోయింది. చదువరికి చుట్ట చుట్టడం నేర్పింది ఆమే. చేతులు మొద్దుబారిపోతున్నాయని చదువరి ఏడిస్తే, "నీ చేతులకన్నా నీ గొంతు బాగుందే, పైకెక్కి చదువు" అని ఎత్తు కుర్చీ ఎక్కించిందీ ఆమే. ఆమెకు ఈ కార్ఖానా తప్ప వేరే ఆధారం లేదు. ఊళ్ళో ఇంకెక్కడా ఏటవతలి మనిషికి ఇప్పుడు పని దొరకదు.

ఒక మధ్యాహ్నం మేస్త్రీ చదువరిని యజమాని గదికి పిలిచాడు. ఈ మేస్త్రీ కొత్తవాడు. ఏదో గోదాములో మూటలు లెక్కపెట్టే పనిలోంచి వచ్చాడు. మనుషుల్నీ మూటల్లాగే చూస్తాడు. అతని చేతిలో గడ్డాల పెద్దల పుస్తకం ఉంది. చదువరి కుర్చీ దిగి టీ తాగుతుండగా తీసినట్టున్నాడు.

"ఈ పుస్తకం ఆపమంటారని భయపడుతున్నావా?" అన్నాడు నవ్వుతూ. "ఆపం. చక్కగా చదువు. రేపటికి ఈ పేజీ వస్తుంది కదా? ఇది మాత్రం బాగా వినపడేట్టు చదువు."

చదువరి ఆ పేజీ చూసింది. చూడగానే ఆమెకు తల తీసేసినట్టయింది. గడ్డాల పెద్దల్లో ఒకాయన చిన్న జాతుల గురించి రాసిన పేజీ అది. రాజ్యం గానీ చరిత్ర గానీ లేని ఇలాంటి చిన్నా చితకా జాతులకు రేపన్నది లేదనీ, పెద్ద జాతుల్లో కలిసి కరిగిపోవడమే వాళ్ళకూ లోకానికీ మేలనీ, కాదని మొండికేస్తే కాలం వాళ్ళను ఊడ్చేస్తుందనీ ఆయన కుండ బద్దలు కొట్టినట్టు రాశాడు.

"మీ పెద్దలే అన్నారు, మేం కాదు," అన్నాడు యజమాని పళ్ళు కుట్టుకుంటూ. "నువ్వు చదివాక మేస్త్రీ ఒక మాట చెప్తాడు. రేపట్నించి ఏటవతలివాళ్ళకు ఈ గుమ్మంలో చోటు లేదని. అప్పుడు ఎవరూ నన్ను తప్పు పట్టలేరు కదా?"

"చదవనంటే?"

"చదవకపోతే నీకు కుర్చీ ఎందుకు? ఆ పేజీ దాటేశావనుకో, మేస్త్రీ లేచి తనే చదువుతాడు. చదువరి మింగేసిందని అందరికీ తెలుస్తుంది. నీ ఇష్టం అమ్మా."

కార్ఖానా కట్టుబాటునే తాడుగా పేని ఆమె మెడకు వేశాడు మహానుభావుడు.

సాయంత్రం పుస్తకం తీసుకుని ఇంటికి పోయి పొయ్యి ముందు కూర్చుంది గానీ పొయ్యి వెలిగించలేదు. ఆమె అత్తగారు ఒకప్పుడు అదే హాల్లో చుట్టలు చుట్టిన మనిషి. ఇప్పుడు చూపు ఆనదు. మర్నాటి పేజీలు కోడలు ఇంట్లో గొంతెత్తి చదువుకుంటుంటే వినడం ఆవిడకు రోజూ పండగే. ఆ రోజు చదువు వినపడకపోయేసరికి, "ఏమే, గడ్డాలవాళ్ళకు గొంతు పట్టేసిందా?" అంది.

కోడలు అంతా చెప్పింది. చెప్పి, "ఆ పేజీ దాటేస్తే ఏమవుతుంది అత్తయ్యా? వాడు లేచి చదివితే చదవనీ. నేను మాత్రం అక్క ముఖం చూస్తూ ఆ మాటలు చదవలేను" అంది.

"నువ్వు ఒకసారి మింగావంటే రేపట్నించి నువ్వు ఏం చదివినా, ఇందులో ఏం మింగిందో అనుకుంటారు. మంచి మాట చదివినా నమ్మరు."

"అయితే అక్కను తిట్టమంటారా?"

"నా మీద అరవకు. తిట్టేది నువ్వు కాదు, గడ్డపాయన. నువ్వు ముందు వెళ్ళి దాని చెవిన వెయ్యి. నలుగురిలో ఒక్కసారిగా మీద పడకుండా ఉంటుంది. పొయ్యి నేను వెలిగిస్తాలే, వెళ్ళు."

అక్క ఇల్లు వెనక వీధిలోనే. ఒక్క గది, ఒక మంచం, గోడకు ఒక అద్దం. ఆమె గుమ్మంలో కూర్చుని రవికకు గుండీ కుట్టుకుంటోంది. చదువరి పక్కన కూర్చుని, కొంగు నలుపుతూ, నీళ్ళు నములుతూ విషయం చెప్పింది. చెప్పి, ఆ పేజీ తీసి నెమ్మదిగా చదివింది. అక్క సూది ఆపలేదు.

"ఆయన మా ఊరు ఎప్పుడన్నా వచ్చాడా?" అంది చివరికి.

"వచ్చినట్టు లేదక్కా."

"మా భాషలో ఒక్క మాట విన్నాడా?"

"ఏమో. రాయలేదు."

"మరి ఎలా తెలిసిందే మేం కరిగిపోతామని?" అంటూ సూది గుచ్చుకుని వేలు నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు సూదికి వచ్చినవి కావు. "కూలివాడి నడుం నొప్పి గురించి రాసింది ఈయనేనా? నువ్వది చదివిన రోజు ఎంత ఏడ్చానో. ఎవరో నన్ను చూసినట్టుంది అనుకున్నా."

"ఈయనే. అదీ ఈయనే, ఇదీ ఈయనే." చదువరి పుస్తకం మూసేసింది. "రేపు నేను చదవనక్కా. కుర్చీ పోతే పోనీ. మళ్ళీ చుట్టలు చుట్టుకుంటా."

అక్క ఒక్కసారి తిరిగి చూసింది. "ఎవరిని కాపాడదామనే? నన్నా, గడ్డపాయన్నా? చదవకపోతే ఆయన మంచివాడిగానే మిగిలిపోతాడు. నేను బిక్కమొహం వేసుకుని ఇంటికి పోతాను. అదేం కుదరదు. నువ్వు చదువు. ఒక్క అక్షరం మింగావంటే నీతో మాట్లాడను. తర్వాత సంగతి నేను చూసుకుంటా."

మర్నాడు మేస్త్రీ ఎన్నడూ లేనిది ఒక స్టూలు తెచ్చుకుని చదువరి కుర్చీ పక్కనే వేసుకున్నాడు. ముందు బల్ల దగ్గర అక్క. వెనక బల్ల దగ్గర, మీసం మెలేసి, సుబేదారు. అతను సైన్యంలో పనిచేసింది లేదు. కొడుకు సైన్యంలో చేరిన రోజు నుంచీ నడక మారిపోయిందని హాలు పెట్టిన పేరు అది. ఆ కొడుకు ఇప్పుడు ఏటి గట్టున తుపాకీతో ఉన్నాడు. గడ్డాల పెద్దలు కూలివాడికి దేశం లేదన్నప్పుడల్లా సుబేదారు ఒంటికాలి మీద లేచి, "నాకు దేశం ఉందయ్యా, నా కొడుకు దానికోసమే నిలబడ్డాడు" అని ఎదురుమాట చెప్పేవాడు. సైన్యం ఏటి దగ్గరికి పోయినప్పటి నుంచీ అక్కతో మాట్లాడటం మానేశాడు.

చదువరి చదివింది. ఒక్క అక్షరం మింగలేదు. ఆ పేజీకి వచ్చాక కూడా ఆగలేదు. చదువుతున్నంతసేపూ అక్క ముఖం వైపే చూసింది, ఎందుకంటే ఇంకెటు చూసినా పారిపోయినట్టు ఉంటుంది. బల్లల దగ్గర చేతులు ఆగిపోయాయి. తమ నోటి మాటలా చూసుకున్న పుస్తకం తమ ఎదురుగా ఉన్న మనిషి మీద ఉమ్మేస్తుంటే ఎవరికైనా ఏం చెయ్యాలో తోస్తుందా?

పేజీ అయిపోయింది. మేస్త్రీ గొంతు సవరించుకుని లేవబోయాడు. అతనికంటే ముందు అక్క కత్తి కింద పెట్టింది.

"ఎదురుమాట," అంది, లేచి నిలబడుతూ.

మేస్త్రీ, "ముందు నేను చెప్పేది..." అంటుండగా, ఈనెలు తీసే ముసలమ్మ, "కూర్చో నాయనా, ఎదురుమాట అన్నాక యజమాని వచ్చినా ఆగాల్సిందే" అంది. అతను దిక్కులు చూసి కూర్చున్నాడు. పుస్తకంలో ఉన్నదానికి ఈ మనుషులు తల వంచుతారని అతను అనుకున్నాడు. తను యజమానికి వంచినట్టే వీళ్ళు పుస్తకానికి వంచుతారని లెక్క వేసుకున్నాడు. అక్కడే బోల్తా పడ్డాడు.

అక్క పుస్తకం వైపు చూస్తూ మాట్లాడింది. "పెద్దాయనా, మీరంటే నాకు గౌరవం. నా నడుం నొప్పి నా మొగుడికి తెలియలేదు గానీ మీకు తెలిసింది. అందుకే అడుగుతున్నా. చిన్నవాడివి, పెద్దవాడు చెప్పినట్టు పడి ఉండమని యజమాని కూలివాడితో అంటే మీకు ఒళ్ళు మండింది కదా? మరి మమ్మల్ని ఎందుకు అంటున్నారు? మాకు రాజుల్లేరు, నిజమే. కోటల్లేవు. చరిత్ర రాసిపెట్టినవాడు లేడు. ఈ హాల్లో ఎవడికుందండీ చరిత్ర? ఈ ముసలమ్మకుందా? ఈవిడ ఎన్ని లక్షల ఆకులకు ఈనె తీసిందో ఎవడన్నా రాశాడా? అయితే ఈవిడ కూడా లేనట్టేనా?"

ఆమె ఊపిరి తీసుకుంది.

"మీరు గీతలన్నీ చెరిగిపోతాయంటే నేను సంతోషించాను. ఏరు దాటి వచ్చినదాన్ని, నాకన్నా ఎవరికి కావాలి అది? కానీ అందరి గీతలూ చెరపండి. పెద్దవాడి గీత ఉంచి, మా ఒక్కళ్ళదే చెరిపితే అది చెరపడం కాదు, మింగడం. మా అమ్మ నన్ను జోకొట్టిన మాటలు నాకున్నాయి. అవి కరగాలంటే ముందు నా నోరు కుట్టాలి. మీరు పెద్దవాళ్ళు, చాలా చూశారు. ఈ పేజీలో మాత్రం మీరు మా యజమాని గొంతుతో మాట్లాడారు. అది మీకు తగదు." కత్తి తీసుకుని కూర్చుంది. ముందున్న ఆకు తీసి తిన్నగా కోసింది.

ముందు ముసలమ్మ కత్తి మోగింది. తర్వాత పక్క బల్ల, ఆ పక్క బల్ల. కాసేపటికి కిటికీ అద్దాలు అదిరాయి. సుబేదారు ఒక్కడు తట్టలేదు. ముఖం కందగడ్డ చేసుకుని చుట్ట చుడుతూనే ఉన్నాడు.

చప్పుడు తగ్గాక మేస్త్రీ జేబులోంచి కాగితం తీసి గడగడా చదివేశాడు. రేపట్నించి ఏటవతల పుట్టినవాళ్ళకు ఈ గుమ్మంలోకి ప్రవేశం లేదు. దేశానికి కష్టకాలం. "మీ పుస్తకమే చెప్పింది వాళ్ళు కరిగిపోవాల్సినవాళ్ళని," అని చివర్లో తన సొంత తెలివి ఒకటి కలిపాడు.

"పుస్తకం చెప్పింది విన్నాం," అంది చదువరి కుర్చీలోంచే. "ఎదురుమాటా విన్నాం. కత్తులు దేనికి మోగాయో నువ్వూ విన్నావు. చెవులున్నాయిగా?" ఆ మాట అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళూ ఆ కుర్చీలోంచి ఇతరుల మాటలు చదవడమే గానీ తన మాట చెప్పడం అదే మొదలు.

తెల్లారి గుమ్మం దగ్గర మేస్త్రీ, అతని పక్కన కర్ర పట్టుకున్న కావలివాడు. ఒక్కొక్కరినీ లోపలికి పంపుతున్నారు. అక్క వచ్చేసరికి కర్ర అడ్డం పెట్టారు. ఆమె చంకలో చుట్టే చెక్క, కొంగున కత్తి. ఆ కార్ఖానాలో చెక్కా కత్తీ ఎవరివి వాళ్ళవే, సాయంత్రం ఇంటికి పట్టుకుపోతారు. ఆమె కర్ర వైపు చూసింది. అరవలేదు, బతిమాలలేదు. గుమ్మానికి ఎదురుగా, వీధి వారన ఉన్న రాతి అరుగు మీద కూర్చుని చెక్క ఒళ్ళో పెట్టుకుంది. చుట్టడానికి ఆకు లేదు. ఊరికే కూర్చుంది.

చదువరి వెనకే వచ్చింది. "నువ్వు రా అమ్మా, నీకేం అడ్డం లేదు," అన్నాడు మేస్త్రీ.

లోపల ఎత్తు కుర్చీ ఉంది. కుర్చీ పోతే తన వంతు చుట్టలు ఎవరూ చుట్టరు. ఇంట్లో చూపు ఆనని అత్తగారు ఉంది. ఇవన్నీ ఆమెకు తెలుసు. తెలిసే వెనక్కి తిరిగి అరుగు ఎక్కింది. హాలు కిటికీలన్నీ వీధి వైపే. ఆమె పుస్తకం తెరిచి, నిలబడి, ముందురోజు ఆపిన చోటు నుంచి గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది.

"ఏయ్, అక్కడ చదవడమేంటి?" అని మేస్త్రీ అరిచాడు. "కిటికీలు మూసెయ్యండ్రా!"

కిటికీలు మూశారు. లోపల హాలు చెవులు మళ్ళీ ఖాళీ అయ్యాయి. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ముందు ముసలమ్మ, చేతిలో చెక్కతో, "నాకు వినపడటం లేదయ్యా" అంటూ మేస్త్రీ పక్కనుంచే దిగి వచ్చింది. అతను ఆపడానికి ఏ ఉత్తర్వూ లేదు, ఉత్తర్వు లోపలికి రానివ్వద్దని మాత్రమే. తర్వాత ఇద్దరు, తర్వాత ఒక బల్ల మొత్తం. వాళ్ళు చెక్కలు ఒళ్ళో పెట్టుకుని వీధిలో వరసగా కూర్చున్నారు. తడిపిన ఆకులు లోపల బల్లల మీద ఎండిపోవడం మొదలుపెట్టాయి. చదువరి గొంతు బొంగురుపోయినా ఆపలేదు. ఆమెకు భయం వేస్తూనే ఉంది. ఆ భయం కన్నా కోపం పెద్దదిగా ఉంది, ఆ కోపం హాయిగా కూడా ఉంది.

చివరికి యజమాని మెట్ల మీదికి వచ్చాడు. ఆయన వెనక హాల్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు, సుబేదారు. యజమాని మొహం వెలిగింది.

"చూడండి! దేశం అంటే ఏమిటో తెలిసినవాడు ఒక్కడు మిగిలాడు. కొడుకును ఏటి గట్టుకు పంపినవాడు. మీకు సిగ్గుండాలి!"

సుబేదారు లేచాడు. చెక్క తీసి చంకలో పెట్టుకున్నాడు. తలుపు దాటి, యజమాని పక్కకు వచ్చి ఆగాడు.

"అవునండీ, నా కొడుకు గట్టున ఉన్నాడు," అన్నాడు. "రోజూ పొద్దున లేవగానే వాడు బతికున్నాడో లేదో అనుకుంటూ లేస్తాను. వాడు కాపలా కాస్తున్నది ఏటిని. మీ గుమ్మాన్ని కాదు. పాతికేళ్ళు చుట్టలు చుట్టిన మనిషిని బయటికి తోలడానికి నా బిడ్డ పేరు వాడుకుంటారా? ఇంకోసారి వాడి మాట మీ నోట రాకూడదు, చెప్తున్నా."

మెట్లు దిగి వీధి దాటాడు. అక్క ముందు నిలబడ్డాడు.

"నీ కోసమని అనుకోకు," అన్నాడు. "నాకు దేశం ఉంది. గడ్డాలవాళ్ళు చెప్పినా ఒప్పుకోను, నువ్వు చెప్పినా ఒప్పుకోను. ఏటవతలి నేల సంగతి మీద నీకూ నాకూ తగవు తగవే."

"తగవేరా," అంది అక్క. "నీ కొడుకు మా వాళ్ళ మీద తుపాకీ పట్టుకున్నాడు. నేను మర్చిపోతానా? హాల్లోకి వెళ్ళాక ఎదురుమాట చెప్పు, నేనూ చెప్తాను."

"లోపలికి వెళ్తామంటావా?"

"వెళ్ళక ఎక్కడికి పోతాం? అది మన హాలు." అక్క తన చెక్క కాస్త పక్కకు జరిపి అతనికి చోటిచ్చింది. "లోపల ఆకు ఎండిపోతోంది, యజమానే వచ్చి పిలుస్తాడు, అందాకా కూర్చో. నువ్వు చెవి ఇటు పెట్టు, ఆ పిల్ల గొంతు బొంగురుపోయింది."